మోకాలి లోతు

పొంతెవేద్ర కోర్టులో ఆ వారమంతా
నా చేతికి పిండి అంటలేదు.
ముప్పై ఏళ్ళుగా తెల్లవారుజామున రొట్టెలు కాల్చేవాణ్ణి,
చీటీలో పేరొచ్చి
జ్యూరీ వరసలో నాలుగో కుర్చీలో పడ్డాను.

ముందు నిపుణుడొచ్చాడు.
విగో నుంచి, డాక్టర్ లెయాంద్రో బౌసాస్,
సముద్రాన్ని సంచిలో పెట్టుకు తిరిగే మనిషి.
కిటికీ వెలుగు పడి ఆయన బట్టతల
గుడ్డుసొన పూసి కాల్చిన బన్నులా మెరిసింది.
గోడ మీద నీలిగీత ఒకటి వేసి చూపించాడు.
"మార్చి పదకొండు, ఉదయం ఆరూ పది.
గాడిదబండ దగ్గర లోతు తొంభై నాలుగు సెంటీమీటర్లు.
పోటు ఎక్కుతోంది.
ఆ నీళ్ళలో ఇద్దరు మనుషులు
మాట్లాడుకుంటూ నడిచి వెళ్ళడం కుదరదు."
తొంభై నాలుగు.
తొంభై అయిదు కాదు.
నాకు ఆ నాలుగు మీద గురి కుదిరింది.
తూకం తెలిసినవాడి మాటంటే మొదటినుంచీ గౌరవం నాకు.

తర్వాత డొసిందా.
అరవై ఎనిమిదేళ్ళు. అందులో నలభై
వంగి, ఇసుకలో గుల్లలు ఏరుతూ గడిచినవి.
బోనెక్కడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.
నిజమే చెబుతానని ప్రమాణం చేయమంటే
"మరింకెందుకు బస్సెక్కి వచ్చాను?" అంది.
మేం నవ్వాం. జడ్జి నవ్వలేదు.

"ఇద్దరు వెళ్ళారు బండ వైపు. ఒకడే వచ్చాడు."
నీళ్ళెంత?
"మోకాలి దాకా."
ఎవరి మోకాలు? అన్నాడు డిఫెన్స్ లాయరు
ఊరంతా తనని చూడ్డానికే వచ్చినట్టు చుట్టూ చూస్తూ.
ఆమె కాస్త ఆలోచించి
గౌను అంచు పైకెత్తింది.
వాచిన మోకాలు.
చన్నీళ్ళు తాగి తాగి ఊదారంగు తిరిగిన మోకాలు.
రికార్డులో దాన్ని ఏమని రాసుకున్నారో తెలీదు.

మోకాలికీ బోడిగుండుకీ ముడి వేయమని
మమ్మల్ని తొమ్మిది మందిని కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం వాన.
ప్రాసిక్యూటరమ్మ బౌసాస్‌ని మళ్ళీ పిలిచింది.
ఆ తొంభై నాలుగు ఎక్కడ కొలిచారు?
"రేవులో. అక్కణ్ణుంచి లెక్క కట్టాం."
అడుగున ఇసుక ఎత్తు?
"పటం ప్రకారం."
ఏ ఏటి పటం?
ఆయన కాగితాలు తిరగేశాడు. ఆరేళ్ళ కిందటిది.
ఎవరూ అడక్కుండానే వెనక బెంచీ నుంచి డొసిందా:
"ఆ ఫిబ్రవరి గాలివానకి ఇసుక జరిగింది.
మేం బుట్టలు కూడా జరుపుకున్నాం."
జడ్జి ఆమెను ఊరుకోమన్నాడు.
మమ్మల్ని విననట్టే ఉండమన్నాడు.
విన్న చెవిని ఎక్కడ పారేసి రావాలి?

బౌసాస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
తుడవడానికి అందులో ఏమీ లేదు.
"కావచ్చు," అన్నాడు.
"ఆ ఇసుక మీద నేను నడవలేదు."
గోడ మీద నీలిగీత అలాగే ఉంది,
తన సంగతి కాదన్నట్టు.

మర్నాడు డొసిందాని అడిగారు:
తిరిగొచ్చినవాడు ఇతనేనా?
అమారో తల ఎత్తలేదు.
వాళ్ళమ్మా ఈమే ఒకే బుట్ట మోసిన మనుషులట.
"నడక ఇతనిదే. మొహం చూడలేదు. మంచు."
ఖాయంగా చెప్పమ్మా, ప్రాసిక్యూటర్ గొంతు దాదాపు బతిమాలింది,
చనిపోయిన ఎలాదియో భార్య ముందు వరసలోనే ఉంది.
"చూసినంతే చెబుతాను.
మిగతాది మీరు జీతం తీసుకునే పని."

గదిలో తొమ్మిది చల్లారిన కాఫీలు.
ఒకరు తొంభై నాలుగన్నారు, ఒకరు బుట్టలన్నారు.
ఒకాయన గోడకి ఆనుకుని
తన కాలి మీద అరచేత్తో గీత గీసుకుని చూసుకున్నాడు.
ఇంతకు మించి చెప్పకూడదు.

తీర్పైన ఆదివారం
పొయ్యి వెలిగించకుండా గాడిదబండకు వెళ్ళాను.
ప్యాంటు మడిచి, గడియారం చేత్తో పట్టుకుని నిలబడ్డాను.
ఆరూ పది.
నీళ్ళు మోకాలి కింద ఆగాయి, తర్వాత ఆగలేదు.
అరికాళ్ళ కింద ఇసుక
మెల్లగా ఎటో వెళ్ళిపోతోంది.
ఇది వేరే ఏడాది పోటు.
నాది వేరే మోకాలు.