అరలో చలికాలం

వ్యాసర్పాడిలో రేకుల షెడ్డు నాది.
పాత ఫ్రిజ్‌లు బాగుచేసి అమ్ముతాను.
ఒక్కదాన్ని అమ్మలేదు
తలుపంతా తుప్పు, కంప్రెసర్ మాత్రం మొండిది.
నూట అరవై అయిదు లీటర్ల చలి.

రాయపురం రేవులో దిగిన ఓడ వంటవాడు
రిపేరు డబ్బుకి బదులు
గుడ్డసంచిలో నాలుగు దుంపలు పెట్టిపోయాడు.
హయసింత్ అన్నాడు. రెండుసార్లు పలకబోయి మానేశాను.
పన్నెండు వారాలు చలి చూపించు,
అప్పటికిగాని నమ్మదు, అన్నాడు.
పళ్ళ పక్కన మాత్రం పెట్టకు.
పండు ఊపిరి తగిలితే లోపలి మొగ్గ మాడిపోతుందట.

ఫిబ్రవరి పది. క్యాలెండర్ మీద పెన్సిల్ గీత.
కూరల అరలో ఆరు డిగ్రీలు.
బయట తారు మెత్తబడి
నీళ్ళలారీ చక్రాల అచ్చు సాయంత్రం దాకా చెరగట్లేదు.

కరెంటు పోయిన రాత్రి
బొంత తెచ్చి ఫ్రిజ్‌కి కప్పాను.
"దానికి చలేస్తోందా?" అంది మునెమ్మ,
చెమట తుడుచుకుంటూ.
ఉన్న చలి పోకుండా, అన్నాను.
నా వంక అదోలా చూసింది.

ఏప్రిల్‌లో తోడల్లుడు
చిత్తూరు బస్సులో బంగినపల్లి బుట్ట వేశాడు.
ఇంట్లో పట్టనివి ఆ అరలో సర్దింది తను.
మూడు రోజులు. నేను చూసేసరికే
తలుపు తీస్తే గుప్పుమని వేసవి.

ఏమీ అనలేదు.
కూర్చుని ఆ పళ్ళే తిన్నాను.
తియ్యగా ఉన్నాయి మరి.

మే అయిదు. కత్తిరి మొదలైన మర్నాడు
గ్రీజు డబ్బాల్లో ఇసుక పోసి నాటాను.
మూడు ఆకులేసి ఊరుకున్నాయి.
నాలుగోది, ఎందుకో అరలో అడుగున పడి ఉన్నది,
వంకరగా, జానెడైనా లేవకుండా
నీలంగా పూసింది.
తడి గోనె చుట్టి, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పి
నేను చెమటలో కూర్చున్నాను.

మునెమ్మ వంగి వాసన చూసింది.
మల్లె కాదు, సంపెంగ కాదు.
"ఏ నెలలో పూస్తుంది ఇది?"
క్యాలెండర్ వైపు చూశాను.
నేను గీసిన గీత తప్ప
అక్కడ దానికో నెల లేదు.

రెండో పగటికి వాలిపోయింది.
ఒకసారి పూశాక మళ్ళీ పూయదన్నాడు వంటవాడు.
అయినా ఎండబెట్టి మూటకట్టాను.

ఫ్రిజ్ ప్లగ్ ఇంకా పీకలేదు.
లోపల ఏమీ లేదు,
చలికాలం ఊరికే నడుస్తోంది
మీటరు తిరుగుతోంది.