పొగ ముందు నడిచే రైలు

నెఫాసిత్‌లో మా కాఫీ కొట్టు గోడకి
కాస్త ఒరిగి వేలాడుతుంటుంది
ఆ కొండలూ, ఆ రైలూ.

హబ్తెజ్గి వేశాడు,
పదకొండు నెలల కాఫీ బాకీ కింద.
పిండి బస్తా గుడ్డ మీద
తలుపులకి పూసే రంగులు.
డబ్బెలాగూ రాదని నేనూ వద్దనలేదు.

కొండలు బాగా కుదిరాయి.
ముళ్ళ జెముళ్ళు, వాటి అంచున ఎర్రటి పళ్ళు,
రాతి వంతెన కింద ఎండిన ఏరు,
సొరంగం నోట్లో పేలు చూసుకుంటున్న జూలు కోతులు.
ఒక్క ఇల్లు లేదు, మేకల కాపరి లేడు.
మనిషి జాడంటే ఆ రెండు పట్టాలే.
ఇప్పుడవీ లేవు,
యుద్ధంలో కందకాలకి పైకప్పులయ్యాయి.

పేచీ అంతా రైలు దగ్గరే.
నల్ల ఇంజను మస్సావా నుంచి పైకెక్కుతోంది,
పొగ మాత్రం వెనక్కి పోదు.
దారి తెలిసిన కుక్కలా
ముందే మలుపు తిరిగేసింది.

బ్రేకుల మనిషి వెల్దెమికాయెల్ రోజూ అదే మాట:
"ముప్ఫై ఏళ్ళు బొగ్గు విసిరావు,
పొగ ఎటు పోతుందో తెలీదటోయ్?"
లారీ డ్రైవర్లు నవ్వారు, పంతులమ్మ నవ్వింది,
ఆఖరికి మా చిన్నది కూడా.
అతను చెవి లేని కప్పులో
అల్లం కాఫీ తిప్పుకుంటూ ఉండిపోయేవాడు.

ఒక వాన సాయంత్రం, ఎవరూ లేనప్పుడు అన్నాడు:
"నేనెప్పుడూ రైలుని బయట్నుంచి చూళ్ళేదు లెతెబ్రహాన్.
నాకు తెలిసిందల్లా కొలిమి నోరు, పార.
పొగంతా మా మీదికే.
సొరంగంలోనైతే తడిగుడ్డ పళ్ళతో కరిచిపట్టి
ఊపిరి అరువు తెచ్చుకునేవాళ్ళం.
ఏడాదికి మూడో నాలుగో మధ్యాహ్నాలు
సముద్రపు గాలి లోయ పట్టుకుని ఎగబాకి
బండికన్నా జోరుగా వచ్చేది,
పొగని మెడబట్టి ముందుకి గెంటేది.
అప్పుడు తల బయటపెడితే
కొండలుండేవి."

అంతే. కప్పు బోర్లించి
వానలోకి వెళ్ళిపోయాడు.

వెల్దెమికాయెల్‌కి నేనేం చెప్పలేదు.
నవ్వుకోనీ, అతనికీ పొద్దుపోవాలి.

గింజలు వేయించాక
పొగలు కక్కే పెనం తెచ్చి
అందరి ముక్కుల దగ్గరా తిప్పడం మా ఆనవాయితీ.
వాసన చూసి బావుందనాలి, అప్పుడే దంచుతాం.
హబ్తెజ్గి ముందుకి వచ్చేసరికి మాత్రం
ఒక్క క్షణం ఆగి
గాలి ఎటుందో చూసుకుంటాను.