జానెడు చోటు

ఆదివారం పొద్దున సూదికి దారమెక్కించడానికి
పదకొండుసార్లు కొన ఎంగిలి చేసినాను.
దారం తప్పు కాదు, మైనం నేనే రుద్దింది.
సూదీ పాతదే, నన్నెరిగినదే.

కంటి డాక్టరు గోడమీది అక్షరాలు చదవమన్నాడు.
అడుగు వరస దాకా గడగడా చదివేసినాను.
"దూరం బాగుందమ్మా" అన్నాడు.
దూరంతో నాకేం పని సామీ,
నా పనంతా ఒళ్ళోనే కదా.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మెట్లకింద కొట్టు నాది.
తిరుపతి వాచీల అంగడికి
ఇరవైనాలుగు మేకతోలు పట్టీలు కుట్టియ్యాల.
అంగుళానికి పన్నెండు కుట్లు,
అంచున మామిడిపిందెల గాట్లు,
ఒక్కో పిందె వడ్లగింజంత.

మొదట చేతి భూతద్దం తెచ్చుకున్నా.
మంచిదే, మూడో చెయ్యి ఉన్నోళ్ళకి.
కుడిచెయ్యి ఆరెది, ఎడమచెయ్యి తోలుది,
అద్దాన్ని పండ్లతో పట్టుకోనా?
బేరమాడేవాళ్ళు ఏ అద్దమూ లేకుండానే
నా కుట్టుని భూతద్దంలో చూస్తారు.

గడియారాల దస్తగిరి తన కంటిడిప్ప ఇచ్చినాడు.
పదింతలంట.
తోలుమీద వెంట్రుకల గుంటలు మూడేసి మూడేసి,
నడుమ పిడుదు కరిచిన మచ్చ,
తుమ్మముల్లు గీరిన గీత.
ఈ మేక ఏ గుట్టమీద మేసిందో, ఎవురు తోలినారో అని
అట్టే చూస్తా కూచున్నా.
ఆ పూటకి ఒక్క కుట్టూ పడలా.
పైగా ఒంటికంటికి లోతు తెలీదు,
ఆరె తోలులోకి దిగిందనుకుంటే వేలిలోకి దిగింది.
అద్దానికి బలం పెరిగే కొద్దీ
పనిని ముక్కుకాడికి రమ్మంటుంది.
పదింతలకి అంగుళం చోటు.
నా ఆరె పిడి ఒక్కటే నాలుగంగుళాలు.

చుట్టూ లైటున్న అద్దం ఇంకొకటి, బల్లకి బిగించేది.
నాకు బల్ల యాడుంది?
ఉన్నా, అది పెండ్లి ఫోటోల వెలుతురు,
అన్నిపక్కలా పడి గాటు లోతును మింగేస్తుంది.
గాటుకి నీడ కావాల.
ఎడమపక్క నుంచి ఏటవాలుగా
గుమ్మంలో ఎండ చాలు దానికి.

ఆఖరికి బస్సెక్కి తిరుపతి పోయినా.
తలకి కట్టుకునే అద్దం, మార్చుకునే బిళ్ళలు నాలుగు.
గుడ్డసంచిలోంచి ఆరె, తోలుముక్క, మైనపుదారం తీసి
అంగడి నేలమీదే కూచుని
ఒక్కో బిళ్ళకి ఒక్కో అంగుళం కుట్టినా.
"పెట్టుకుని చూస్తే చాల్దా అక్కా" అన్నాడు కుర్రోడు.
చెప్పులు కొనేటప్పుడు రొంత నడిచి చూడవా నాయనా?

రెండింతల బిళ్ళకి జానెడు చోటొచ్చింది.
ఆరె ఆడింది. మోచెయ్యి ఆడింది.
మెడ వంగలా.

కుట్టు లెక్కకని మా నాయన మునిసామి
తనకోసం కుట్టుకున్న చెప్పు సంచిలో పెట్టుకోనుంటి.
దాన్నీ చూసినా.
పన్నెండు, పన్నెండు, పన్నెండు,
బొటనవేలి వారు కాడ పదకొండు.
ఒకే బెజ్జంలో దారం రెండుసార్లు పోయుంది.
ఆరె జారింటుంది.
పైన మైనం పూసి మూసేసినాడు.

రోజూ బడికి పోయే ముందు పిలిచేవాడు,
"సూదికి దారమెక్కియ్యి పాపా" అని.
ఒకటి కాదు, పది సూదులు,
ఎక్కించి వరసగా చాప అంచుకి గుచ్చాల.
పని నేర్పిస్తున్నాడని మురిసిపోయినా.
గారాబమనీ అనుకున్నా.
కండ్ల సంగతి మా అమ్మకు కూడా చెప్పినట్టు లేదు.

బేరమాడకుండా డబ్బులు తీసినా.
ఏమనుకున్నాడో, కుర్రోడే నూరు తగ్గించినాడు.

చెమటకని తలపట్టీ లోపల పాత చీరముక్క కుట్టుకున్నా.
పందొమ్మిదో వాచీపట్టీ నడుస్తాంది.
దారం ఒక్కసారికే ఎక్కుతాంది.
ఎంగిలి మాత్రం ఇంకా చేస్తానే ఉండా.