ఏడోది

ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే
కొల్లాపూర్ ఠాణాలో నా పని తుపాకులు రాసుకోవడం.
లైసెన్సున్నోళ్లంతా తెచ్చి అప్పజెప్పాలె.
గోనెసంచిలో ఒకటి, చద్దర్లో ఒకటి,
పాత చీరలో పసిపిల్లలెక్క చుట్టి ఇంకొకటి.

ఆ చీరలోది కీలు తుపాకి.
పిడి కింద ఇనుప కడియం, కిందికి గుంజితే
కాలిన తోటా ఎగిరి పడి నిండుది ఎక్కుతది.
నూటయాభై ఏండ్ల కిందటి రూపం,
మొన్నమొన్నటి ఇనుము.
"అసలుదేనా?" ఎస్సై అడిగిండు.
"నకలే సారూ. పందులకు ఆ తేడా తెల్వదు"
అని పర్వతరెడ్డి బల్ల మీద తోటాలు పోసిండు.

ఏడు.

ఒక్కోదాని అంచు మీద
వడ్లగింజంత ఆకురాయి గీత.
మా తాత చేసిన ప్రతి పుస్తె వెనక ఉండే గీత.

అంగళ్లు పోయి షోరూములొచ్చినంక
రుద్రోజు సాంబయ్యచారి కుంపటికి బంగారం రావడం బందైంది.
అప్పుడొచ్చినయి ఈ ఇత్తడి గుల్లలు,
షాపుల్లో దొరకని తోటాలకు బదులు
కాలినవాటినే మళ్లీ నింపియ్యమని.

మందు తూచే దినం ఇంట్ల పొయ్యి లేదు.
అవ్వ అటుకులు నానేసేది.
ఫ్యాన్ బంద్. దగ్గొస్తే వాకిట్లకు పోవాలె.
బంగారం తూచిన త్రాసులోనే, గురిగింజలతోనే.
ఎన్ని గింజలన్నది నాకు కూడా చెప్పలె.
"జర ఎక్కువ పొయ్యి చారీ, మొండి జాతి" అంటే
"బంగారంల గింజ తగ్గితే నా ఇజ్జత్ పోతది,
ఇండ్ల గింజ పెరిగితే నీ దౌడ పోతది" అనేటోడు.

సీసం జాలరి కుర్మయ్య ఇచ్చేది,
తెగిన వలల గుండ్లు.
మా ఊరు మునిగిన నీళ్లల్ల
ఇరవై ఏండ్లు ఈదిన సీసం.
మూసలో అది కరిగి అద్దంలెక్క నిలిచినప్పుడు
తాత వంగి చూసేది,
అడుగున మా దర్వాజ కనిపిస్తదేమోనని.

నాలుగుసార్లు కాలిన గుల్ల
మెడకాడ సన్నగ పగులుతది.
"ఇత్తడికి కూడా యాష్టకొస్తది వాగ్దేవీ"
అని దాన్ని పక్కకు పెట్టి
సూదులు దాచుకొమ్మని అవ్వకిచ్చేది.

ఆరు నింపేది.
ఏడోదాంట్ల మందు లేదు.
చచ్చిన టోపీనే నున్నగ తీడి కూర్చి
పైన గుండు బిగించేది, అదే గీత పెట్టేది.
చూసిన నేను. ఎందుకని అడిగిన.
"నీళ్లొస్తే అవి కూడా మనలెక్కనే మీదికెక్కినయి.
మనకు పరిహారం అన్నరు, సగం ఇచ్చిండ్రు.
వాటికెవరిచ్చిండ్రు?
ఆరు ఆసామివి. ఏడోది పందిది."

తాత పోయి రెండేండ్లు.
ఈ ఏడూ ఆఖరువి.

"ఒక్కటి మాత్రం ఎప్పుడూ పేలకపోయేదమ్మా"
పర్వతరెడ్డి గొంతు తగ్గించిండు.
"పల్లిచేన్ల పంది నిలబడి నన్నే చూసేది,
ఇది టక్కుమని ఊకుండేది.
మీ తాతకు చెయ్యి వణుకుతున్నదని సమజైంది.
అడగలె. ముసలితనంల
పనోని ఇజ్జత్ ఎందుకు తియ్యాలె?"

నా పెన్ను ఆగింది.
ఆ చెయ్యి ఒక్కనాడు వణకలె.
దవాఖాన మంచం మీద కూడా
సెలైన్ చుక్కలు లెక్కబెట్టి
నర్సు రాసింది తప్పని చెప్పిన చెయ్యి అది.
చెప్పాలె.
చెప్తే ఇన్నేండ్లు మోసం చేసినట్టయితది,
చెప్పకుంటే పని రానట్టయితది.
ఖాకీ వేసుకున్నంక
తోటాలు ఎవరు నింపిండ్రన్న మాటే
నోట్లకు రావద్దు.

తుపాకి: ఒకటి, కీలుది, నకలు.
తోటాలు: ఏడు.
స్థితి అన్న గడి కాడ చానసేపు కూసున్న.
"బాగున్నవి" అని రాసిన.

సంచిలో వేసేటప్పుడు ఒక్కొక్కటే
చెవికాడ ఊపి చూసిన.
ఆరింట్ల ఇసుక కదిలినట్టు.
ఏడోదాంట్ల ఏం లేదు.

"రసీదియ్యమ్మా" అన్నడు పర్వతరెడ్డి
చీర మడత పెట్టుకుంట,
"సోమశిల బస్సు పోతది."