కొట్టేసిన లైను

ఇన్లాండ్ లెటరుకు మూడు మడతలు.
మా అమ్మకు అది ఒక చిన్న గది.
ఏ మూల ఏం పెట్టాలో ముందే అనుకుని
పొయ్యి ముందర కూచుని చెప్పేది.
నేను నేలమీద బోర్లా పడుకుని రాసేదాన్ని.

డెబ్భై ఒకటి, డిసెంబరు. హలసూరు.
కిటికీలకు అట్టకాగితం అంటించాం,
లాంతరు చిమ్నీకి సగం దాకా మసి పూశాం.
నాన్న ఉన్న ఊరి పేరు తొంభైతొమ్మిది ఏపీఓ.
బడిలో అట్లాసు తిరగేశాను. దొరకలేదు.

నాది కన్నడ బడి.
తెలుగు మాటలకు కన్నడ తలకట్లు పెట్టి పంపితే
"రుక్కూ, అక్షరాల నెత్తిన చాపలు పరిచినావేమే!
మా హవల్దారు చూసి, ఇదేం భాషరా చెంగల్రాయా అన్నాడు.
మా ఇంటి భాష సార్, అన్నా" అని రాశాడు.
ఇక్కడ మొహం కడుక్కున్నా చేపల వాసనే అనీ
బురద బూట్లలోకి కాదు, నిద్రలోకి వస్తోందనీ రాశాడు.

అమ్మ చెప్పేది:
రాగులు రెండు శేర్లు తెచ్చినామని రాయి.
తమ్ముడికి కోరింత దగ్గు తగ్గిందని రాయి.
తగ్గలేదు. రాశాను.
సెంటర్‌లో పొద్దున బూర ఊదితే
వాడు లేచి వాకిలి వైపు చూస్తాడని రాయి.
వద్దులే, అది వద్దు.
అప్పటికే సగం రాసేసి ఉంటాను.

ఒక రాత్రి, ఇంక చోటు లేదమ్మా అన్నాను.
జిగురు పెట్టే అంచు చూపించి, తల తిప్పుకుని,
"నీ వైపు పక్క అట్లే పరస్తా ఉండానని రాయి" అంది.
రాశాను.
"ఛీ, ఎవురెవురో చదువుతారు. కొట్టేయ్."
కొట్టేశాను. ఒకే ఒక్క గీత, పదేళ్ల పిల్ల గీత.
కింద అక్షరాలన్నీ కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

తర్వాత చాన్నాళ్లు ఏమీ లేదు.
పోస్ట్‌మన్ దొరైరాజు మా సందు మలుపులో
సైకిల్ దిగి, గంట మీద అరచెయ్యి అదిమి
నడిపించుకుంటూ పోయేవాడు.

ఒకరోజు గంట మోగింది.
రాగుల మాట లేదు అందులో. దగ్గు ఊసు లేదు.
"కొట్టేసింది చదివినా.
పరస్తా ఉండు."
దాని కింద రెండు లైన్లు నల్లగా.
అవి నాన్న కొట్టేసినవి కావు.
ఎవరో ఆఫీసరు, తారు పోసినట్టు.

ఎండకు పట్టి చూశాం. లాంతరు ముందు పెట్టి చూశాం.
వెనక్కి తిప్పి వేలితో తడిమాం.
నీళ్లలో ముంచుదామా అంది అమ్మ.
నేనే లాక్కున్నాను.

మార్చిలో వచ్చాడు, ఎడమచేతికి రెండు వేళ్లు తక్కువతో.
హలసూరు చెరువు మీదే పడవలు జతకట్టి
వంతెన వెయ్యడం నేర్చుకున్న మనిషి
మళ్లీ ఆ గట్టెక్కలేదు.
నలుపు కింద ఏముంది నాన్నా అంటే
"ఏదో ఏటి పేరులే" అన్నాడు ఒకసారి.
ఇంకోసారి, "గుర్తులేదు."
అమ్మ ఎన్నడూ అడగలేదు.
పక్క మాత్రం రెండు వైపులా దులిపి పరిచేది.

ఇద్దరూ పోయారు.
లెటరు నీలం వెలిసి బూడిదరంగుకు వచ్చింది.
ఆ నలుపు ఇప్పటికీ నలుపే.

మొన్న మనవరాలు వెనకనుంచి ఫోన్ లైటు పెట్టింది.
"అవ్వా, ఇక్కడొక ఒత్తు కనపడతా ఉంది!"

ఏ ఒత్తో చెప్పొద్దన్నాను.