చివరి చెట్టుకు నీళ్లు

ఎడమకాలి చెప్పు యాడ జారిపోయిందో
ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు గాని తెలీలేదు.
అది మొదలు.

తర్వాత ఒక కన్ను, నెల రోజులు,
పొయ్యి పొగలోంచి చూసినట్టు.
అత్తమ్మ దిష్టి తీసింది.
నార్పల ఆరెంపీ బలానికి సూదేసినాడు.
మా ఆయన గంగులప్ప మాత్రం
రాత్రిపూట నా అరికాలి మీద గోటితో గీకి
"తెలస్తాందా?" అని అడిగేవాడు.
తెలస్తాందనే చెప్పేదాన్ని.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
నా తలకాయ ఫోటోను ట్యూబులైటుకెత్తి
తెల్లచుక్కలు చూపింది.
నరానికి పైన తొడుగుంటాదంట.
నన్ను కాయాల్సిన కావలోళ్లే
దాన్ని కొరుకుతా ఉండారంట.
మల్టిపుల్ స్క్లిరోసిస్ అనింది.
పోయేది కాదు, ఇప్పటికిప్పుడు ప్రాణం తీసేదీ కాదు,
దాంతోనే బతకాల అనింది.

పేరు నా నోట్లో ఇమడలేదు గాని
రోగం మాత్రం ఇట్టే అర్థమైంది.
నాలుగెకరాల చీనీ తోట నాది.
ఉడతలు డ్రిప్పు పైపు కొరికితే ఏమైతాదో
నాకొకరు చెప్పాల్నా?

బోరు పోస్తానే ఉంటాది.
మోటరు తిరుగుతానే ఉంటాది.
నీళ్లు నడిమధ్యన చిమ్మిపోయి
వరస చివర చెట్టు ఆకు ముడుచుకుంటాది.
చెట్టుది సోమరితనమని ఎవరన్నా అంటారా?

నన్ను అన్నారు.
"దిట్టంగానే ఉండావు కదా వన్నూరమ్మా,
పొద్దున్నే పనుకోవడమేంది?"

అనంతపురం జిల్లాలో పుట్టి
ఎండ పడదంటే నాకే నవ్వొస్తాది,
చేపకు నీళ్లు పడవన్నట్టు.
ఒళ్లు కాగితే చూపు మసకేస్తాది,
మోకాలు నాది కానట్టు వంగుతాది.
అందుకే నా దినం తెల్లవారుజాము మూడున్నరకు.
తలకు టార్చి, మెడకు తడిటవలు,
చేతిలో గంగులప్ప చెక్కిచ్చిన కానుగ కట్టె.
చెట్టుచెట్టుకూ వంగను ఇప్పుడు,
కట్టె కొనతో పాదులో తడి చూస్తా.
ఎనిమిదికల్లా ఇంట్లో, తలుపులేసుకుని
తాడిపత్రి బండల మీద వీపానిస్తా.
ఆ రాయి నాకు వైద్యం తెలిసిన చుట్టం.

సూదిమందు చల్లగా ఉండాల.
మాకు ఫ్రిజ్జు లేదు.
మాబున్ని తన అంగడి ఫ్రిజ్జులో
నిమ్మసోడాల వెనక దాస్తాది.
కరెంటు పోతే నాకన్నా ముందు ఆమెకే దిగులు,
ఐసుగడ్డలు గోనెపట్టాలో చుట్టుకుని
బజారంతా అరుచుకుంటా వస్తాది.

అన్ని దినాలూ ఇట్ల ఉండవు.
పోయిన మాఘంలో వేళ్లు ముద్ద కట్టలేకపోతే
పాప సంగటి నా నోటికందిచ్చింది.
కోపమొచ్చి తట్ట విసిరేసినా.
తర్వాత నేనే, కూచుని, నేల తుడిచినా.

బస్సులో ఒక పిల్లోడు
వికలాంగుల సీట్లోంచి లెయ్యమన్నాడు.
కట్టె ఆ దినం మర్చిపోయింటి.
"పైపు బయటికి నల్లగా మెరుస్తానే ఉంటాది నాయనా" అంటే
పిచ్చిదనుకున్నాడు.

ఆ వారమే, పొదుపు సంఘం మీటింగుకు
ఉడతలు కొరికిన మూరెడు పైపు
కొంగులో చుట్టుకుపోయినా.
పాసుబుక్కులు పక్కన పెట్టించి
చేతికి చేతికి తిప్పిచ్చినా.
ఒక్కొక్కరు బొక్క మీద వేలు పెట్టి చూసినారు.
ఒకామె ఊది చూసింది.
నేను చెప్పింది తక్కువే:
కంటికి కనపడని రోగమూ రోగమే,
కాలు మొద్దుబారితే బలం సూదితో సరిపెట్టుకోవద్దండి.

అందరూ పోయినాక
సుంకన్న కోడలు హంపమ్మ నిలబడింది.
"అక్కా, నాకూ వారం నుంచి
మెడ వంచితే వీపులో కరెంటు పారినట్టు..."
మిగతా మాట చెప్పలేదు.
నేనూ అడగలేదు.

రేపు ఆరింటి బస్సుకు పోతాం.
తడిటవళ్లు రెండు పెట్టుకుంటా.
తోట గంగులప్ప చూసుకుంటాడు.
జాయినరు వేసినా పైపు కొంచెం కారతానే ఉంటాది,
చివరి చెట్టుకు బిందెతో పోయమని చెప్పినా.