తీగ

పద్దెనిమిది దినాలుగా
నూటపన్నెండో నంబర్లో నీలం తెర.
వాళ్లు జాస్తి అడిగినారంట, వీళ్లు ఇయ్యమన్నారంట.
కింద అక్షరాలు పరిగెత్తతా ఉండాయి,
ఎవురిది తప్పో చదివేలోపల దాటిపోతాయి.

గ్రీమ్స్‌పేటలో సగం మిద్దెలు
అప్పుడే డిష్షులు పెట్టుకుని
ఒకే దిక్కు చూస్తా ఉండాయి.

మా అత్తకి అరవ సీరియల్ కావాల, నాకు తెలుగుది.
డిష్షు పిల్లోడు రెంటికీ కలిపి లెక్కగట్టి
కాగితం మిషన్ మీద పెట్టిపోయినాడు.
దాని వెనకనే నాలుగు జాకెట్ల కొలతలు రాసుకున్నా,
కత్తిరించినా, కుట్టినా.
ఇదొక్కటే తెగలా.

ఏకాంబరం వచ్చినాడు నెల దుడ్లకి.
"రెండు దినాలు చూడక్కా."
పోయిన వారమూ అవే రెండు దినాలు.
వానలో గోడెక్కి తీగ అతికించిన మనిషి.
మొహం చూడకుండా
సూదిలో దారం ఎక్కిస్తా చెప్పేసినా.

అలిగినట్టు లేదు.
బాక్సు సంచిలో వేసుకుని
మిద్దెక్కినాడు, తీగ చుట్టుకోను.
దాని మీద అత్త కోకలు రెండు,
నేను తడిపేసిన లైనింగు గుడ్డలు
ఆరతా ఉండాయి.

"అది మాత్రం ఉండనీ నాయినా" అన్నా కిందనించే.

కాసేపు చప్పుడు లేదు.

"దీనికి నెలకెంత ఇస్తావక్కా?"